సి3, సి4 రిపోర్టు చేతికొచ్చినప్పుడు

చిరంజీవి మాధవికి,

నెఫ్రాలజీలో చేరావు కాబట్టి ఇక రోజూ సి3, సి4 రిపోర్టులు నీ ముందుకు వస్తూనే ఉంటాయి. కాంప్లిమెంట్ అంటే సూక్ష్మజీవుల మీద దాడి చేసే రక్తంలోని ప్రొటీన్ల వరస, సి3, సి4 అందులోవే. అంకె తగ్గిందా, పెరిగిందా అని చూసి పక్కన పెట్టేయకు. కాంప్లిమెంట్ ఏ దారిలో ఖర్చవుతోంది, దాని కళ్ళెం ఎక్కడ తెగింది, రక్తంలోనా లేక కణాల పైపొర మీదా? ఈ రెండూ తేలితే వైద్యం సగం తేలినట్టే.

కాంప్లిమెంట్ మేలుకునే దారులు మూడు. క్లాసికల్ దారి మొదలవాలంటే సి1క్యూ అనే కాంప్లిమెంట్ ప్రొటీన్ వచ్చి యాంటీబాడీకి అతుక్కోవాలి. లెక్టిన్ దారికి సూక్ష్మజీవుల మీది చక్కెరలు కావాలి. ఆల్టర్నేటివ్ దారికి మాత్రం ఎవరూ పిలవక్కర్లేదు, సి3 తనంతట తానే కొద్దికొద్దిగా క్రియాశీలమవుతూ ఉంటుంది. అందుకే దాన్ని ఆపేవి క్షణం కూడా విశ్రాంతి తీసుకోకూడదు. రక్తంలో ఫ్యాక్టర్ హెచ్, ఫ్యాక్టర్ ఐ అనే ప్రొటీన్లు ఆ పని చేస్తాయి. కణాల మీద ఎంసీపీ, డీఏఎఫ్ ఉంటాయి. ఇవన్నీ దాటి వచ్చిన దాడిని చివరి మెట్టు దగ్గర సీడీ59 అడ్డుకుంటుంది.

సి4 ఖర్చయ్యేది క్లాసికల్, లెక్టిన్ దారుల్లోనే. కాబట్టి రెండు అంకెల్నీ జంటగా చదువు. రెండూ తగ్గితే ల్యూపస్ (ఇమ్యూనిటీ సొంత ఒంటి మీదే దాడి చేసే జబ్బు) వైపు చూడు. సి3 ఒక్కటే తగ్గితే ఆల్టర్నేటివ్ దారి: ఇన్ఫెక్షన్ తర్వాత వచ్చే కిడ్నీ వాపు, సి3 గ్లోమెరులోపతి (కిడ్నీ వడపోతల్లో సి3 పేరుకునే జబ్బు), ఎటిపికల్ హెచ్‌యూఎస్ (కాంప్లిమెంట్ అదుపు తప్పి చిన్న రక్తనాళాల్లో గడ్డలు కట్టి కిడ్నీని దెబ్బతీసే జబ్బు). ఇన్ఫెక్షన్ వల్లే అయితే సి3 మామూలుగా 6 నుంచి 8 వారాల్లో కోలుకుంటుంది. 12 వారాలైనా లేవకపోతే బయాప్సీ గురించి మాట్లాడాల్సిందే. సి4 బాగా పడిపోయి సి3 దాదాపు మామూలుగా ఉంటే క్రయోగ్లోబులిన్లు (చలికి పేరుకునే యాంటీబాడీలు) వెతుకు. కిడ్నీ జబ్బు లేకుండా ముఖం, గొంతు వాచే మనిషైతే సి1 ఇన్హిబిటర్ (క్లాసికల్ దారికి కళ్ళెం వేసే ప్రొటీన్) పరీక్ష చేయించు.

సి3 సుమారుగా 90–180, సి4 10–40 మిల్లీగ్రాములు డెసిలీటరుకి ఉంటాయి. ల్యాబును బట్టి ఈ హద్దులు కాస్త మారతాయి. అయితే హద్దుల కంటే ఆ మనిషి పాత అంకె ముఖ్యం. జబ్బు అణిగి ఉన్నప్పుడు సి3 140 ఉండే ల్యూపస్ పేషెంటుకి ఇవాళ 95 వచ్చిందనుకో. ల్యాబు ‘నార్మల్’ అనే రాస్తుంది, కానీ మూడో వంతు పోయింది. డీఎస్ డీఎన్ఏ యాంటీబాడీ (ల్యూపస్‌లో సొంత డీఎన్ఏకే ఎదురు తిరిగే యాంటీబాడీ) పెరుగుతూ, మూత్రంలో ప్రొటీన్ కూడా కనిపిస్తే ఇక ఆలస్యం చేయకు. కాంప్లిమెంట్ తయారీ ఒంట్లో వాపు ఉన్నప్పుడూ, గర్భంలోనూ పెరుగుతుంది, కాబట్టి అక్కడ నార్మల్ అంకె ఖర్చును దాచేస్తుంది. దీనికి వ్యతిరేకం కూడా ఉంది. కొందరికి పుట్టుకతోనే సి4 జన్యువుల కాపీలు తక్కువ. ఏళ్ళ తరబడి కదలకుండా ఉన్న తక్కువ సి4 ఒక్కదాన్ని చూసి స్టెరాయిడ్ పెంచకు.

ఇప్పుడు శాంపిల్ సంగతి. చాలా పొరపాట్లు జరిగేది ఇక్కడే. సీహెచ్50 అంటే క్లాసికల్ దారి మొదటి నుంచి చివరిదాకా పని చేస్తోందా అని చూసే పరీక్ష, దానికి సీరం కావాలి. రక్తం గడ్డకట్టగానే సీరం వేరు చేసి, వెంటనే పరీక్ష చేయకపోతే మైనస్ 70 డిగ్రీల్లో పెట్టించు. ఒకసారి కరిగించింది మళ్ళీ గడ్డకట్టించకూడదు. ఈడీటీఏ ట్యూబు దీనికి పనికిరాదు, అది కాల్షియం, మెగ్నీషియాలను పట్టేసి కాంప్లిమెంట్‌ని కదలనివ్వదు. సరిగ్గా ఆ కారణానికే కరిగే సి5బి-9 (కాంప్లిమెంట్ దాడి చివరి మెట్టులో పుట్టేది) పరీక్షకు ఈడీటీఏ ట్యూబే కావాలి, ఐస్ మీద పంపించాలి. లేకపోతే ఒంట్లో జరగని క్రియ ట్యూబులో జరిగి దొంగ అంకె వస్తుంది. సి3, సి4 బాగుండి సీహెచ్50 సున్నా వస్తే ముందు శాంపిల్‌నే అనుమానించు, మళ్ళీ తీయించు. మళ్ళీ సున్నాయే వస్తే ఏహెచ్50 (ఆల్టర్నేటివ్ దారికి అలాంటి పరీక్షే) కూడా చేయించు. రెండూ సున్నా అయితే సి5 నుంచి కిందివాటిలో ఏదో లేదు. సీహెచ్50 ఒక్కటే సున్నా అయితే సి2 వంటి పైమెట్టు లోపం.

ప్లేట్‌లెట్లు పడిపోయి, రక్తపు స్మియర్‌లో చిరిగిన ఎర్రకణాలు కనబడి, ఎల్‌డీహెచ్ (కణాలు పగిలితే పెరిగే ఎంజైమ్), క్రియాటినిన్ పెరిగితే ప్లాస్మా ఎక్స్ఛేంజ్‌కి (రోగి ప్లాస్మా తీసేసి దాత ప్లాస్మా ఎక్కించడానికి) ముందే రక్తం తీసి పెట్టు: ఎడామ్‌టీఎస్13 (నాళాల్లో ప్లేట్‌లెట్ల గడ్డలు కట్టకుండా చూసే ఎంజైమ్), సి3, సి4, ఫ్యాక్టర్ హెచ్ యాంటీబాడీ, డీఎన్ఏ. దాత ప్లాస్మా ఎక్కాక ఎడామ్‌టీఎస్13 అంకెను నమ్మలేం. శాంపిల్ తీశాక మాత్రం ఫలితం కోసం ఎక్స్ఛేంజ్ ఆపకు. ఎడామ్‌టీఎస్13 10 శాతం లోపు ఉంటే టీటీపీ (ఆ ఎంజైమ్ కొరవడి చిన్న నాళాల్లో గడ్డలు కట్టే జబ్బు). మలంలో షిగా టాక్సిన్ (మామూలు హెచ్‌యూఎస్ తెచ్చే బ్యాక్టీరియా విషం) కూడా చూడాలి.

ఎటిపికల్ హెచ్‌యూఎస్‌లో చాలామందికి సి3 నార్మల్‌గానే ఉంటుంది. కారణం ఫ్యాక్టర్ హెచ్ నిర్మాణంలో ఉంది. దాని తల వైపు భాగం సి3బి (సి3 క్రియాశీల ముక్క) పని ఆపుతుంది, తోక వైపు భాగం రక్తనాళం లోపలి పొరను పట్టుకుంటుంది. తోక దెబ్బతింటే రక్తంలో అదుపు బాగానే ఉంటుంది, నాళపు గోడకు మాత్రం రక్షణ పోతుంది. అంకె మంచిదే, కిడ్నీ పోతోంది. ‘సి3 నార్మల్, కాబట్టి కాదు’ అని ఎప్పుడూ రాయకు. ఫ్యాక్టర్ హెచ్‌కి వ్యతిరేకంగా యాంటీబాడీ దొరికితే వైద్యం దాని మీద గురిపెట్టాలి: ప్లాస్మా ఎక్స్ఛేంజ్, దానితోపాటు ఇమ్యూనిటీ తగ్గించే మందులు. కిడ్నీ మార్పిడి దగ్గరా ఈ లెక్కే. ఎంసీపీ కణం మీద ఉంటుంది, కొత్త కిడ్నీ తన ఎంసీపీని తనే తెచ్చుకుంటుంది. ఫ్యాక్టర్ హెచ్ ప్రధానంగా లివర్లో తయారవుతుంది, కాబట్టి జబ్బు కొత్త కిడ్నీకీ రావచ్చు.

ఆంకా వాస్కులైటిస్‌లో (ఆంకా అనే యాంటీబాడీలతో వచ్చే రక్తనాళాల వాపులో) సి5 ముక్క అయిన సి5ఎ న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలని రెచ్చగొడుతుంది, సి3 మాత్రం సాధారణంగా నార్మల్. అవాకోపాన్ అనే మందు సి5ఎ గ్రాహకాన్ని మూస్తుంది: 30 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, తిండితో. లివర్ పరీక్షలు వదలకు. కీటోకొనజోల్ లాంటి మందు కూడా వాడుతుంటే రోజుకు ఒక్కసారే.

ఎక్యులిజుమాబ్ అనే మందు సి5ని ఆపుతుంది. ఎటిపికల్ హెచ్‌యూఎస్ ఉన్న పెద్దవాళ్ళకి వారానికి 900 మిల్లీగ్రాములు నాలుగు వారాలు, ఐదో వారం 1200, తర్వాత రెండు వారాలకొకసారి 1200. సి5 ఆగితే మెదడు పొరల వాపు తెచ్చే మెనింగోకాకస్ బ్యాక్టీరియాకి అడ్డు తగ్గుతుంది, కాబట్టి మెనింగోకాకల్ టీకాలు రెండూ, అంటే ఏసీడబ్ల్యూవై, బి, కనీసం రెండు వారాల ముందే ఇవ్వాలి. అంత వ్యవధి లేకపోతే టీకాతోపాటు యాంటీబయాటిక్ మొదలుపెట్టు. టీకా వేసుకున్నవాళ్ళకీ మెనింగోకాకల్ జబ్బు రావచ్చు, గంటల్లో ప్రాణం తీస్తుంది. జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగొద్దని ఇంట్లోవాళ్ళకి నువ్వే చెప్పు, నర్సుకి వదిలేయకు. మందు పని చేస్తుంటే సీహెచ్50 దాదాపు సున్నాకి రావాలి. సి3 పెరగలేదని కంగారుపడకు, మందు ఆపేది దాని కింది మెట్టును. మధ్యలో ప్లాస్మా ఎక్స్ఛేంజ్ చేస్తే మందు కొట్టుకుపోతుంది, అది ముగిసిన 60 నిమిషాల్లోపు అదనపు డోసు పడాలి.

మందు ఆపే ఆలోచన వచ్చినప్పుడు జన్యు రిపోర్టు ముందు పెట్టుకో. మార్పేమీ దొరకనివాళ్ళకి జబ్బు తిరగబెట్టడం అరుదు, ఫ్యాక్టర్ హెచ్ మార్పు ఉన్నవాళ్ళకి ఎక్కువ. ఆపాక మొదటి నెలల్లో ప్లేట్‌లెట్లు, ఎల్‌డీహెచ్, క్రియాటినిన్ తరచుగా చూడు. ఇంట్లో మూత్రం స్ట్రిప్పు ముంచి చూసుకోవడం పేషెంటుకి నేర్పు. తేడా కనబడిన రోజే మళ్ళీ డోసు ఇవ్వగలిగేలా ఏర్పాటు చేసుకున్నాకే ఆపు.

ఆశీస్సులతో,
మీ మేష్టారు