ఇంటికి నెట్ పెట్టించుకునే ముందు

బెంగళూరుకు కొత్తగా వచ్చిన మన పిల్లలు మారతహళ్లిలోనో బీటీఎంలోనో ఇల్లు దొరకగానే నన్ను అడిగేది ఇదే: "అన్నా, ఫోన్లో ఫైవ్‌జీ ఉందిగా, మళ్లీ ఇంటికి వేరే నెట్ ఎందుకు?"

ఒక్కరే ఉండి, ఆఫీసు పని ఆఫీసులోనే చేసుకునేవాళ్లయితే నిజంగానే అక్కర్లేదు. ఇద్దరు ముగ్గురు కలిసి ఉంటూ, వారంలో రెండు రోజులు ఇంటి నుంచే పని చేస్తున్నారనుకోండి, అప్పుడు తేడా తెలుస్తుంది. హాట్‌స్పాట్ ఇచ్చిన ఫోను జేబులో వేసుకుని మీరు కరివేపాకు కోసం కిందికి దిగితే, ఇంట్లో మీ ఆవిడ మీటింగు ఆగిపోతుంది. పైగా ఇక్కడి సందుల్లో ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. నడిమి గదిలో సిగ్నల్ ఒక గీత మీద కొట్టుకుంటుంది. టవర్‌ని వీధంతా పంచుకుంటుంది కాబట్టి, రాత్రి తొమ్మిదింటికి అందరూ వీడియోలు పెట్టాక అదీ నీరసిస్తుంది. హెచ్‌డీ సినిమా గంటకు దాదాపు 3 జీబీ తింటుంది. రోజుకు 2 జీబీ ప్యాకు దాని ముందు ఎంతసేపు నిలుస్తుంది?

నేను వచ్చిన కొత్తలో ల్యాండ్‌లైన్ రాగి తీగ మీదే నెట్ వచ్చేది. 2004 నాటి ప్రభుత్వ విధానంలో 256 కేబీపీఎస్ (సెకనుకు 256 కిలోబిట్లు) వేగం ఉంటే చాలు, దాన్ని బ్రాడ్‌బ్యాండ్ అనేవారు. 2023లో ఆ కనీస వేగాన్ని 2 ఎంబీపీఎస్‌కి పెంచారు. ఇప్పుడు వీధుల్లో ఉన్నది ఫైబర్, అంటే గాజు పోగులోంచి కాంతి రూపంలో వచ్చే డేటా. రాగి తీగలో టెలిఫోన్ ఎక్స్ఛేంజి దూరమయ్యేకొద్దీ వేగం పడిపోయేది. ఫైబర్‌కి ఆ బాధ లేదు.

ప్లానులో రాసిన అంకె దగ్గర చాలామంది పొరపడతారు. 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 100 మెగాబిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైట్ కాబట్టి, ఫైలు దిగేది సెకనుకు పన్నెండున్నర ఎంబీ చొప్పున. అది తక్కువేం కాదు. 4కే సినిమాకే 15 ఎంబీపీఎస్ సరిపోతుంది. నలుగురున్న ఇంటికి 100 ధారాళం, ఇద్దరికి 40 చాలు. 300 ప్లాను అమ్మడానికి వచ్చిన కుర్రాడి మాటకు మొహమాటపడకండి. దాని బదులు అప్‌లోడ్ ఎంతో అడగండి. ఊళ్లో అమ్మానాన్నలకు వీడియోలో మన మొహం స్పష్టంగా కనిపించాలన్నా, మీటింగులో గొంతు తెగిపోకుండా వినిపించాలన్నా మన వైపు నుంచి పోయే వేగమే ముఖ్యం. మా అమ్మ ఫోనులో నా మొహం చూసి "చిక్కిపోయావు" అంటుందే, ఆ మాట అనగలిగేంత స్పష్టత కోసమే నేను నెలనెలా డబ్బు కడుతున్నాను.

ప్లాను ధర మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. 799 అని చెబితే బిల్లు 943 దగ్గర తేలుతుంది. నలుగురు పంచుకుంటే తలకు 236. అన్‌లిమిటెడ్ అన్నదానికీ హద్దుంటుంది. పెద్ద కంపెనీల ప్లాన్లలో తరచూ కనిపించేది నెలకు 3,300 జీబీ. మామూలు ఇంట్లో అంత వాడరు కాబట్టి దాని గురించి దిగులొద్దు.

దిగులు పడాల్సింది తీగ గురించి. జియో, ఎయిర్‌టెల్, యాక్ట్, బీఎస్‌ఎన్‌ఎల్ అన్నీ ఈ ఊళ్లో ఉన్నాయి, కానీ మీ బిల్డింగులోకి ఎవరి తీగ వచ్చిందన్నదే అసలు సంగతి. పై అంతస్తువాళ్లను అడగండి: "మీకు ఎవరిది? పోతే ఎన్ని గంటలకు బాగుచేస్తారు?" ఇక్కడ ఫైబర్ చాలాచోట్ల కరెంటు స్తంభాల మీద, చెట్ల కొమ్మల మీద వేలాడుతూ పోతుంది. ఏప్రిల్, మే గాలివానలకు కొమ్మ విరిగితే తీగా తెగుతుంది. అప్పుడు గంటలో వచ్చే లైన్‌మన్ ఉన్న చిన్న ఆపరేటరు, మూడు రోజులు టికెట్ (ఫిర్యాదు) నంబరు చెప్పే పెద్ద కంపెనీ కన్నా నయం.

ఏడాది డబ్బు ముందే కట్టకండి. తగ్గింపు ఇస్తున్నారని నేనొకసారి కట్టాను. నాలుగు నెలలకే ఇల్లు మారాల్సి వచ్చింది. కొత్త వీధిలో వాళ్ల తీగ లేదు, మిగిలిన డబ్బు తిరిగి రాలేదు. ఆ కష్టం మీకు వద్దు. మొదట ఒక నెల, నచ్చితే మూడు నెలలు.

బిగించడానికి వచ్చినప్పుడు దగ్గరుండండి. గోడకు రంధ్రం వేయాలంటే ఓనరుని ముందే అడగాలి. లేదంటే అడ్వాన్సులో కోత పడుతుంది. వైఫై పంచే పెట్టెను, అంటే రౌటర్‌ని, తలుపు పక్కనే పెట్టేసి వెళ్లిపోవాలని చూస్తారు. పట్టుబట్టి హాలు మధ్యకు, కాస్త ఎత్తులో పెట్టించండి. రౌటర్ ఇచ్చే రెండు రకాల వైఫైలో 5 గిగాహెర్ట్జ్‌ది వేగంగా ఉంటుంది గానీ గోడలు సరిగ్గా దాటలేదు. 2.4 దాటుతుంది గానీ నెమ్మది. పడకగదికి రెండోది, టేబుల్ దగ్గరకు మొదటిది. కరెంటు పోయినా మీటింగు ఆగకూడదంటే రౌటర్‌కని విడిగా దొరికే చిన్న యూపీఎస్ కొనండి.

నెట్ ఆగిపోతే ముందు పెట్టె మీద లైట్లు చూడండి. ఎల్‌ఓఎస్ అన్న చోట ఎర్రగా వెలిగితే, తీగ తెగి కాంతి రావడం లేదని అర్థం. రౌటర్‌ని ఎన్నిసార్లు ఆపి మళ్లీ వేసినా లాభం లేదు. లైన్‌మన్‌కి ఫోన్ చేసి "అణ్ణా, నెట్ బర్తా ఇల్ల, కెంపు లైట్ బర్తా ఇదె" (నెట్ రావడం లేదు, ఎర్ర లైటు వస్తోంది) అనండి. వచ్చీరాని కన్నడమైనా సరే, ఆ ఒక్క ముక్క చెబితే అతను తీగ అతికే మిషనుతోనే వస్తాడు.

ఇల్లు ఖాళీ చేసే రోజు రౌటర్ వాపసు ఇచ్చి, సీరియల్ నంబరు రాసిన రసీదు తీసుకోండి. రౌటర్ కోసం కట్టిన డిపాజిట్ తిరిగి రావాలంటే ఆ కాగితమే ఆధారం.