వ్యాన్‌లో ఉండాలని ఉంది గానీ భయం

అమ్మని చూడ్డానికి గుంటూరొచ్చా, బ్రాడీపేటలో మా డాబా మీద కూర్చుని టైప్ చేస్తున్నా. అమెరికాలో నేనూ మా ఆవిడా వ్యాన్‌నే ఇల్లు చేసుకుని ఉంటున్నాం. నిన్న పక్కింటబ్బాయి, రెండేళ్ళ క్రితం అమెరికా వెళ్ళాడు, అన్నా, అపార్ట్‌మెంట్ ఖాళీ చేసేసి వ్యాన్‌లోనే తిరుగుతూ పని చేసుకుందామనుంది గానీ తల్చుకుంటే గుండె దడగా ఉంటోంది అన్నాడు.

వీసా ఏంట్రా అనడిగా. హెచ్ వన్ బీ, కంపెనీ పెట్టే ఉద్యోగ వీసా అన్నాడు. అయితే ఆ భయం ఉండనివ్వు నాయనా, అది ఉండాల్సిందే. హెచ్ వన్ బీలో నువ్వు ఎక్కడ కూర్చుని పనిచేస్తావో పేపర్ల మీద ఉంటది, ఆ ఏరియా దాటి మకాం మార్చాలంటే కంపెనీ ముందుగా అమెండ్‌మెంట్, అంటే ఆ వీసా పేపర్లు మార్చమని అప్లికేషన్, వెయ్యాలి, వారానికో స్టేట్ అంటే కుదరదు. సెలవుల్లో ఎంతైనా తిరుగు. గ్రీన్ కార్డొచ్చాక ఫుల్ టైం చూద్దువు, అప్పుడైనా అడ్రస్ మారితే 10 రోజుల్లో ఏఆర్ 11 అనే అడ్రస్ మార్పు ఫారం ఇమిగ్రేషన్ వాళ్ళకి వెయ్యాలి, కార్డు ఒరిజినల్ జేబులోనే ఉండాలి, అరిజోనాలో మెక్సికో బోర్డర్ వైపు హైవేల మీద బోర్డర్ పోలీసులు ఆపి అడుగుతారు.

మిగతా భయాలు వేరు. వ్యాన్‌లో మా మొదటి రాత్రి అరిజోనాలోనే ఫ్లాగ్‌స్టాఫ్ అనే ఊరి దగ్గర అడవిలో, నేషనల్ ఫారెస్టుల్లో, అంటే అక్కడి ప్రభుత్వ అడవుల్లో, చాలాచోట్ల 14 రోజుల దాకా ఫ్రీగా ఉండనిస్తారు. అర్ధరాత్రి టక్ టక్ మని చప్పుడు, ఎవరో తలుపు కొడుతున్నారని మా ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టేసుకుంది, ఊపిరి బిగబట్టి అలాగే కూర్చున్నాం, చివరికి లైటేసి చూస్తే గాలికి బండి ఊగుతుంటే అల్మారాలో స్టీలు గ్లాసు వెళ్ళి ఆవకాయ సీసాకి కొట్టుకుంటోంది. సీసాకి టవల్ చుట్టి పడుకున్నాం. మళ్ళీ ఆ భయం రాలేదు. అది ఆలోచిస్తే పోయేది కాదు, పడుకుంటేనే పోద్ది. అందుకే ఇల్లు ఖాళీ చెయ్యకముందే ఒక వ్యాన్ అద్దెకి తీసుకుని మీ ఇంటికి అరగంట దూరంలో ఉన్న క్యాంప్‌గ్రౌండ్‌లో రెండు రాత్రులుండి చూడండి, వానొచ్చే వారమైతే ఇంకా మంచిది.

తిండికి భయపడక్కర్లేదు, కుక్కర్ మాత్రం మర్చిపోవద్దు. ఫ్లాగ్‌స్టాఫ్ దాదాపు 7,000 అడుగుల ఎత్తు, అంత ఎత్తులో నీళ్ళు 100 కాదు, 93 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, గిన్నెలో కందిపప్పు ఎంతసేపు పెట్టినా పలుకుగానే ఉంటది. గ్యాస్ వెలిగించినప్పుడు కిటికీ తెరవండి, కార్బన్ మోనాక్సైడ్ అలారం కొనకుండా ఒక్క రాత్రి కూడా పడుకోకండి, ఆ విషవాయువుకి వాసన ఉండదు.

అన్నిటికన్నా నాకు కష్టమైంది అమ్మ భయం. ఇల్లూ వాకిలీ లేకుండా రోడ్ల మీద ఏం ఖర్మరా అని ఏడ్చింది. వాదించలేదు, వీడియో కాల్‌లో మంచం, సింకు, పొయ్యి అన్నీ చూపించా. అన్నీ చూసి, దేవుడి పటం ఎక్కడ పెట్టావు అంది. ఆ రోజే డ్రైవర్ సీటు వెనక చిన్న అర కొట్టించా. మీరూ అలాగే చూపించండి, సిగ్నల్ లేని చోటికెళ్తుంటే ఫలానా రోజు దాకా ఫోన్ రాదని ముందే చెప్పేయండి, లేకపోతే ఇక్కడ వీళ్ళు రాత్రంతా ఫోన్ పట్టుకుని కూర్చుంటారు.