చెర్రీ క్రీక్ కట్ట మీద చలికాలం గాలం

సందేహం: డెన్వర్ వచ్చి అయిదు నెలలైంది. ఊళ్లో ఉన్నప్పుడు చెరువులో గాలం వేసేవాణ్ని. ఇక్కడ ఎండాకాలమంతా చెర్రీ క్రీక్ రిజర్వాయర్‌కి వెళ్లాను, వాల్‌ఐ అనే చేప ఒక్కటి కూడా పడలేదు. చలికాలంలోనైనా పడతాయా? అక్టోబరులో నాన్నగారు వస్తున్నారు. నా ఫిషింగ్ లైసెన్స్ మీద ఆయన కూడా గాలం వేయొచ్చా?

పడతాయండీ. అసలు పడే కాలం ఇప్పుడే మొదలవుతుంది. కానీ ముందు నాన్నగారి సంగతి చెప్తాను, మనవాళ్లు ఎక్కువగా దొరికిపోయేది అక్కడే.

మీ లైసెన్స్ మీద ఆయన వేయకూడదు. పదహారేళ్లు నిండిన ఎవరికైనా ఎవరి లైసెన్స్ వారికి ఉండాలి. సెకండ్ రాడ్ స్టాంప్ అని ఒకటి అమ్ముతారు. అది మీరే రెండో గాలం వేసుకోవడానికి, నాన్నగారి చేతికివ్వడానికి కాదు. ఆయనకు నాన్ రెసిడెంట్ ఒకరోజు లైసెన్స్ తీసుకుంటే సరిపోతుంది. మీరు కూడా చూసుకోండి. కొలరాడోలో వరసగా ఆరు నెలలు ఉంటేనే రెసిడెంట్ ధర వర్తిస్తుంది. డ్రైవింగ్ లైసెన్స్ వచ్చేసింది కదా అని రెసిడెంట్ లైసెన్స్ కొనేస్తే అబద్ధం చెప్పినట్టే. వీసా మీద ఉన్నవాళ్లం, అలాంటి కాగితం మన పేరు మీద ఒక్కటి కూడా ఉండకూడదు. ఎండాకాలమంతా మీరు ఏ లైసెన్స్ మీద వేశారో నేను అడగను. ఇంకొక నెల ఓపిక పట్టండి. ఏడాది లైసెన్స్ మార్చి 1న మొదలై మరుసటి ఏడాది మార్చి 31 దాకా నడుస్తుంది. రిజర్వాయర్ ఉన్నది స్టేట్ పార్కులో, దాని ప్రవేశానికి వేరే పాస్ కావాలి. కారు రిజిస్ట్రేషన్‌తో పాటు 2023 నుంచి స్టేట్ పార్కుల పాస్ కలిపి ఇస్తున్నారు, మొదలుపెట్టినప్పుడు 29 డాలర్లు. అదేదో అనవసరపు ఖర్చనుకుని చాలామంది వద్దని టిక్కు పెట్టేస్తారు. మీరు పెట్టకండి.

ఇక కొలత. చెర్రీ క్రీక్‌లోనూ, ఆ పక్క చాట్‌ఫీల్డ్ రిజర్వాయర్‌లోనూ వాల్‌ఐ 18 అంగుళాలు ఉంటేనే ఉంచుకోవాలి. రోజుకు మూడు, అందులో 21 దాటింది ఒక్కటే. ఆ ఏడాది నిబంధనల పుస్తకం మాత్రం ఓసారి చూసుకోండి. 18 అంగుళాలంటే మన మూర. నేను వచ్చిన మొదటి ఏడాది చీకట్లో చేపను మోచేతి దగ్గర పెట్టి చూసుకున్నాను. తోక మధ్యవేలు దాటినట్టే కనిపించింది, సంచిలో వేసేశాను. బయటికొస్తుంటే ఒక అధికారి ఆపి, చేపను కొలపలక మీద పడుకోబెట్టారు. పదిహేడున్నర. నా మూర పొట్టిదని నాకు తెలిసింది ఆరోజే. జరిమానా టికెట్ రాసి చేతిలో పెట్టారు. తప్పు నాదే, ఏమంటాను? పన్నెండేళ్లుగా అంగుళాల స్టిక్కర్ నా ఐస్ బాక్స్ మూత మీదే ఉంది. ఇంకొకటి, ఒడ్డునే కోసి ముక్కలు చేయకండి. తల, తోక లేకపోతే కొలిచేదెలా?

ఇప్పుడు చేప. వాల్‌ఐ కొలరాడోకి పుట్టుచేప కాదు, తెచ్చి వేసిందే. ఏటా మార్చి, ఏప్రిల్‌లలో ఈ రెండు రిజర్వాయర్లలోనూ ప్యూబ్లో రిజర్వాయర్‌లోనూ రాష్ట్రం వాళ్లు వలలు కట్టి, గుడ్లు తీసి, హేచరీల్లో పొదిగిస్తారు. వీటి మీద ఇంత కట్టడి అందుకే. దీని కంటి వెనక వెలుతురుని తిప్పికొట్టే పొర ఒకటి ఉంటుంది, పిల్లి కంట్లో ఉన్నట్టే. హెడ్‌లైట్ వేస్తే నీళ్లలో తెల్లగా గోళీల్లా మెరుస్తాయి. మసక వెలుతుర్లో దానికి మేత కనిపిస్తుంది, ఆ మేతకు అది కనిపించదు. మీరు జూలైలో మిట్టమధ్యాహ్నం పడవల హోరులో గాలం వేసి ఉంటారు. అప్పుడది లోతుకి పోయి పడుకుంటుంది.

సెప్టెంబరు చివర్నుంచి నీళ్లు చల్లబడతాయి. గిజార్డ్ షాడ్ అనే వెండిరంగు చిన్న చేపలు గుంపులు కడతాయి, చలి ముదిరేకొద్దీ నీరసపడతాయి. వాటి వెనకే వాల్‌ఐ ఒడ్డుకొస్తుంది. పడవ అక్కర్లేదు. 1950లో వరదల కోసం ఆర్మీ ఇంజనీర్లు కట్టిన మట్టి ఆనకట్ట అది, మన చెరువు కట్ట లాంటిదే, నీళ్ల వైపు రాళ్లు పేర్చి ఉంటుంది. పొద్దు గూకే ముందు అరగంట నుంచి పూర్తిగా చీకటిపడ్డాక ఓ గంట దాకా ఆ రాళ్ల వెంబడి నిలబడండి. గాలి మీ మొహం మీదికి కొట్టే వైపే నిలబడాలి. చలేస్తుందని వెనక్కి తిరిగితే చేప ఉండదు. పార్కు మూసే వేళ చూసుకోండి.

బెండు కట్టి వానపాము గుచ్చి కూర్చునే పద్ధతి ఇక్కడ పెద్దగా పనిచేయదు. చేప ఆకారంలో సన్నగా ఉండే జెర్క్‌బెయిట్ అనే బొమ్మ ఎర కొనండి. విసిరి, రెండుసార్లు చిన్నగా లాగి ఆపేయండి. అక్టోబరులో మూడు అంకెలు లెక్కపెట్టండి. నవంబరు చివర్న థాంక్స్‌గివింగ్ నాటికి పది. ఆ పది లెక్కపెట్టడమే కష్టం, ఆరో అంకె దగ్గర చెయ్యి దురదపెడుతుంది. కానీ చేప పట్టేది ఆగినప్పుడే. కొరమీనులా గుంజుకుపోదు. తడిగుడ్డ తగులుకున్నంత బరువు, అంతే. నాకు మొదట్లో రాయికి పట్టిందేమో అనిపించేది. పైకి తీశాక కింది దవడలో వేలు పెట్టకండి, పళ్లుంటాయి. మొప్పల అంచు కూడా కోసేస్తుంది.

రిజర్వాయర్ గడ్డకట్టాక ఇంకో లెక్క. డెన్వర్ మంచుని నమ్మకూడదు. సోమవారం మంచు కురుస్తుంది, గురువారం టీషర్టు ఎండ కాస్తుంది. నడివైపు గట్టిగా ఉన్నా ఒడ్డు కరిగిపోయి ఉంటుంది. రంగులేని స్వచ్ఛమైన మంచు నాలుగు అంగుళాలు ఉండాలి. తెల్లగా పాలలా ఉన్నది అంత బలం కాదు. గునపంలాంటి స్పడ్ బార్‌తో ముందు పొడుస్తూ అడుగు వేయండి. ఒంటరిగా వెళ్లకండి. లైఫ్ జాకెట్ వేసుకోండి. మంచు విరిగి నీళ్లలో పడితే గుచ్చి పైకి పాకడానికి రెండు ఐస్ పిక్స్ (మొనదేలిన చేతిమేకులు) మెడలో వేలాడేసుకోండి, కారులో కాదు. బర్మాతో మంచులో కన్నం పెట్టి బరువైన జిగ్‌ని, అంటే లోహపు బరువున్న గాలపు ఎరని, అడుక్కి దించి, అడుగెత్తు లేపి వదిలి, కదపకుండా చూడండి. మొదటి ఏడాది నేర్చుకునేవాళ్లయితే ఎవరైనా అనుభవం ఉన్నవాళ్లు పిలిచేదాకా మంచు మీదికి వెళ్లొద్దనే నా సలహా. కట్ట చాలు.

వంట సంగతి మీరు అడగలేదు, అయినా చెప్తాను. మాది కొల్లేటి పక్క ఊరు, చెప్పకుండా ఉండలేను. వాల్‌ఐ మాంసం తెల్లగా మెత్తగా ఉంటుంది, ముల్లు తక్కువ. చింతపండు పులుసులో చివర్న వేసి, గరిటె పెట్టకుండా గిన్నె పట్టుకుని తిప్పండి, లేకపోతే విరిగి పులుసులో కలిసిపోతుంది. వేపుడే దీనికి ఎక్కువ రుచి అంటాను, ఇంట్లో ఒప్పుకోరు. ఇంట్లో గర్భిణులో చిన్నపిల్లలో ఉంటే, పెద్ద చేపల్లో పాదరసం చేరుతుంది కాబట్టి ఏ చేప ఎంత తినొచ్చో చెప్పే రాష్ట్రం వాళ్ల ఫిష్ అడ్వైజరీ చూసి పెట్టండి. తలా పేగులూ అపార్ట్‌మెంట్ చెత్తడబ్బాలో ఆరోజే వేయకండి. కవర్లో కట్టి ఫ్రీజర్లో ఉంచి, చెత్తబండి వచ్చే రోజు పొద్దున తీయండి. కవర్ మీద పేరు రాయండి. మా అమ్మ ఒకసారి కైమా అనుకుని కరగబెట్టింది.