ఫ్రీ పుస్తకంతో రైటింగ్ వస్తుందా అంటే...

"అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలో ఇంగ్లిష్ కాంపోజిషన్ (వ్యాసరచన) తీసుకున్నాను. పుస్తకం కొనక్కర్లేదు, అంతా ఆన్‌లైన్‌లో ఫ్రీ అంటున్నారు. ఫ్రీ పుస్తకంతో చదువు వస్తుందా?" అని ఒకరు అడిగారు. వస్తుందండీ. కొన్న పుస్తకం కంటే బాగా వస్తుంది.

మేం హ్యూస్టన్ దగ్గర ఉంటాం. ముప్పై ఆరేళ్ళ వయసులో, పాపని స్కూల్లో వేశాక, నేనూ కాలేజీలో చేరాను. మొదటి సెమిస్టర్‌లో అకౌంటింగ్ పుస్తకం సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరికిందని మురిసిపోయాను. తీరా చూస్తే లోపలున్న యాక్సెస్ కోడ్ ఎవరో ఎప్పుడో వాడేశారు. కోడ్ లేకపోతే హోంవర్క్ సబ్మిట్ చెయ్యలేం. పుస్తకం చేతిలో పెట్టుకుని, కోడ్‌కి మళ్ళీ డబ్బు కట్టాను. మా తెనాలిలో పాత పుస్తకం కొంటే మహా అయితే చివరి పేజీలు చిరిగి ఉండేవి, అంతే.

తర్వాతి సెమిస్టర్ ఇంగ్లిష్ 1301, అంటే ఈ కాంపోజిషన్ క్లాసే. మేడం, ఫ్రీగా పాఠ్యపుస్తకాలు ఇచ్చే రైస్ యూనివర్సిటీ వాళ్ళ ఓపెన్‌స్టాక్స్ పుస్తకం లింకు ఇచ్చారు. 2021 చివర్లో వచ్చిన పుస్తకం. సైటేషన్లకి, అంటే ఏ మాట ఎక్కణ్ణుంచి తీసుకున్నామో రాయడానికి, పర్డ్యూ యూనివర్సిటీ వాళ్ళ ఔల్ అనే సైటు చూడమన్నారు. అలా రాసే ఒక పద్ధతి పేరు ఎమ్మెల్యే (MLA) స్టైల్ అనగానే నాకు మన ఎమ్మెల్యేలే గుర్తొచ్చారు, అది వేరే కథ.

మొదటి వ్యాసంలో నేను డిగ్రీ పూర్తి చేసిన రోజు గురించి రాశాను. "ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2009. మై ఫాదర్ డిస్ట్రిబ్యూటెడ్ స్వీట్స్ టు ది హోల్ స్ట్రీట్." ఫ్రీ గ్రామర్ చెకర్‌లో వేసి చూశాను. ఒక్క ఎర్రగీత లేదు. ధీమాగా గూగుల్ డాక్స్‌లో క్లాసు గ్రూపుకి షేర్ చేశాను. రాత్రి వంటిల్లు సర్దుకుని చూస్తే పంతొమ్మిదేళ్ళ కుర్రాడి కామెంట్: "మీరు స్పృహ తప్పి పడిపోతే మీ నాన్న స్వీట్లెందుకు పంచారు?" దాని కింద ఇంకో అమ్మాయి: "ఆస్పత్రికి తీసుకెళ్ళారా?"

ఐదు నిమిషాలు నాకేం అర్థం కాలేదు. మనకి పాసవుట్ అంటే చదువు పూర్తవడం, వాళ్ళకి కళ్ళు తిరిగి పడిపోవడం! మా ఆయనకి చూపిస్తే నవ్వలేదు. "పన్నెండేళ్ళుగా ఆఫీసులో నేనూ అదే అంటున్నాను" అని తల పట్టుకున్నారు.

మేడం నన్ను అడిగి, పేరు లేకుండా ఆ రెండు వాక్యాల్నీ పాఠంలో కలిపేశారు, ఎవరు చదువుతారో చూసుకుని రాయమని చెప్పే చోట. పుస్తకానికి క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఉంది కాబట్టి అలా కలపొచ్చు, అక్కర్లేని అధ్యాయాలు తీసెయ్యొచ్చు. కొన్న పుస్తకంలో వేలు పెట్టనిస్తారా? డిగ్రీలో మేం గైడ్ కొని వ్యాసాలు బట్టీ పట్టేవాళ్ళం. వర్షాకాలం మీద రాయమంటే క్లాసంతా ఒకే వాన కురిపించాం.

మీరు టెక్సస్‌లో ఉంటే, 2017 నాటి చట్టం వల్ల ఏ క్లాసులకి ఇలాంటి ఓపెన్ (ఫ్రీ) పుస్తకాలో కాలేజీ షెడ్యూల్‌లోనే చూపించాలి. రిజిస్టర్ అయ్యేటప్పుడు వెతకండి. పీడీఎఫ్ దించుకుని ముఖ్యమైన పేజీలు ప్రింటు తీసుకోండి, ఫోన్‌లో చదివితే మెడనొప్పే మిగులుతుంది. వ్యాసం అయ్యాక టూల్ ఏం చెప్పినా సరే, ఇక్కడ పుట్టి పెరిగిన వాళ్ళెవరికైనా ఒకసారి చూపించండి. ముఖ్యంగా అందులో ఎక్కడైనా "డూ ద నీడ్‌ఫుల్" ఉంటే.