టెక్ సందేహాలు: సైకిల్ బోల్టుకి కారు రెంచ్ పనికొస్తుందా?

ప్రశ్న: సైకిల్ పనులు ఇంట్లోనే చేసుకుంటాను. మొన్న హ్యాండిల్‌ను పట్టి ఉంచే స్టెమ్ బోల్టు బిగిస్తుంటే మర పోయింది. ఇకపై బిగువు కొలిచే టార్క్ రెంచ్ వాడదామనుకుంటున్నాను. మా అన్నయ్య దగ్గర కారు చక్రాల నట్లు బిగించేది ఉంది. అది చాలా? కొత్తది కొనాలంటే క్లిక్, ముల్లు, డిజిటల్... ఏది తీసుకోవాలి?

జవాబు: అన్నయ్యది అన్నయ్యకే ఉంచండి. కార్ల రెంచ్‌లో లెక్క సాధారణంగా 30, 40 న్యూటన్ మీటర్ల (తిప్పే బిగువుకు కొలత ఇది) దగ్గర మొదలవుతుంది. మీ స్టెమ్ బోల్టుకి కావలసింది చాలావరకు 5. లారీ కాటా మీద ఉంగరం తూచినట్టు ఉంటుంది.

5 న్యూటన్ మీటర్లంటే ఎంతో చేతికి తెలియాలి. 10 సెంటీమీటర్ల ఆలెన్ కీ చివర 5 కిలోల బరువు వేలాడదీస్తే వచ్చే బిగువు అది. రెండు మూడు వేళ్లతో లాగితే వచ్చేస్తుంది. పిడికిలి బిగించి తిప్పితే దానికి రెట్టింపు దాటినా మనకు తెలియదు. నేనూ ఒకసారి సీటు పోస్టు బోల్టుకి 'ఇంకో పావు చుట్టు' అనుకుని తల తెంపేశాను. లోపల మిగిలిన ముక్కను బయటికి తీయడానికి ఆదివారం మధ్యాహ్నమంతా పట్టింది.

కాబట్టి రకం కంటే ముందు చూడాల్సింది రేంజ్. 2 నుంచి 20 న్యూటన్ మీటర్లు, పావు అంగుళం డ్రైవ్ (సాకెట్ తగిలించే చదరపు మొన) ఉన్నది తీసుకోండి. స్టెమ్, సీటు పోస్టు, బ్రేక్ కాలిపర్లు... టెన్షన్ పెట్టే బోల్టులన్నీ దాదాపు ఈ రేంజ్‌లోనే ఉంటాయి. ఒక మెలిక ఉంది. క్లిక్ రెంచ్‌లకు (మనం పెట్టిన అంకె రాగానే 'టక్' అనేవి) ప్లస్ ఆర్ మైనస్ 4 శాతం కచ్చితత్వం అని రాస్తారు కానీ, ఆ హామీ సాధారణంగా గరిష్ఠ విలువలో 20 శాతం నుంచి పైకే. 60 వరకు వెళ్లే రెంచ్‌లో 5 దగ్గర ఆ అంకెను నమ్మలేం. 'పెద్దది కొంటే అన్నిటికీ పనికొస్తుంది' అన్న లెక్క ఇక్కడ పనిచేయదు.

ఇక రకాలు. ముల్లు ఉన్నదానిలో చెడిపోవడానికి ఏమీ లేదు. ముల్లు సున్నా దగ్గర లేకపోతే చేత్తో కాస్త వంచి సరిచేసుకోవచ్చు. కానీ సీటు కింద దూరి, తల వంచి అంకె చదవడం నరకం. డిజిటల్‌ది బాగానే ఉంటుంది, బ్యాటరీ ఉన్నంతసేపు. నా ఓటు క్లిక్‌కే. చిన్న విలువల దగ్గర ఆ 'టక్' చాలా మెత్తగా వస్తుంది, వినపడక ఇంకా తిప్పేస్తారు. అందుకే ముందు 10 మీద పెట్టి, ఏదైనా గట్టి బోల్టు మీద ఆ టక్‌ను చేతికి అలవాటు చేసుకోండి. టక్ అనగానే ఆపాలి. 'ఇంకోసారి అనిపిద్దాం' అంటే బిగువు పెరిగిపోతుంది.

పెడల్స్, క్యాసెట్ లాక్‌రింగ్ (వెనక చక్రం పళ్లచక్రాలను పట్టి ఉంచే రింగు) 40కి అటూఇటూ అడుగుతాయి. వాటికి ప్రస్తుతానికి పొడవాటి పానా చాలు, లాక్‌రింగ్‌కి మాత్రం దాని ప్రత్యేక సాకెట్ కూడా కావాలి. 25 సెంటీమీటర్ల దూరంలో 16 కిలోల లాగుడు అనుకోండి. ఎడమ పెడల్‌కి ఎదురు మర ఉంటుందని మర్చిపోవద్దు. చాలా క్లిక్ రెంచ్‌లు ఆ దిక్కున కొలవవు.

భాగం మీద 'మ్యాక్స్ 5' అని ఉంటే అది హద్దు. 4తో మొదలుపెట్టి, హ్యాండిల్ జారుతుంటేనే పెంచండి. స్టెమ్ ముందున్న నాలుగు బోల్టుల్నీ ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి. మరకు గ్రీజు పూస్తే అదే అంకెకు బోల్టు మరింత సాగుతుంది, కాబట్టి ఆ భాగం తయారీదారు పూయమన్నాడో లేదో చూసుకోండి. రెంచ్‌తో బోల్టులు ఊడదీయకండి. పనయ్యాక దాన్ని అతి తక్కువ అంకెకు తిప్పి పెట్టండి.

ప్రశ్న: పాత క్లిక్ రెంచ్ ఉంది. సరిగ్గా చూపిస్తోందో లేదో ఇంట్లో తెలుసుకోవచ్చా?

జవాబు: ఉజ్జాయింపుగా తెలుసుకోవచ్చు. బోల్టును వైస్‌లో గట్టిగా బిగించి, రెంచ్‌ను దానికి అడ్డంగా, నేలకు సమాంతరంగా ఉంచండి. బోల్టు మధ్య నుంచి 25 సెంటీమీటర్ల దూరంలో 2 కిలోలు, అంటే నీళ్లు నింపిన రెండు లీటర్ల సీసా, మెల్లగా వేలాడదీయండి. అక్కడికి 4.9 న్యూటన్ మీటర్లు. రెంచ్ సొంత బరువు దానికి మరో అర న్యూటన్ మీటరు దాకా కలపవచ్చు. 4 మీద పెడితే టక్ అనాలి, 7 మీద పెడితే అనకూడదు. ఈ రెండింటిలో ఏది తప్పినా దాన్ని ఎక్కువ బిగిస్తే పగిలే కార్బన్ ఫైబర్ భాగాల దగ్గరికి తీసుకెళ్లకండి.