ఆట మాన్పించే ముందు

ప్రశ్న: మా అమ్మాయి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పదో తరగతి చదువుతోంది. ఆరో తరగతి నుంచి ఖోఖో ఆడుతోంది. ఈ ఏడాది స్కూల్ గేమ్స్ అండర్-17 జిల్లా జట్టుకు ఎంపికైంది. ఇన్నేళ్ళూ తనతో కలిసి ఆడిన, మా వీధిలోనే ఉండే స్నేహితురాలికి మాత్రం జట్టులో చోటు దక్కలేదు. అప్పటి నుంచి ఆ పిల్ల మా గడప తొక్కడం లేదు. ఇంతకాలం నాతో అక్కా అక్కా అంటూ కలివిడిగా ఉన్న వాళ్ళమ్మ కూడా ఎదురుపడితే తల తిప్పుకుంటోంది. ఖోఖో ఆడి ఏం సాధిస్తుంది, పదో తరగతిలోనైనా మాన్పించండి అని మా అత్తగారు, మావారు పట్టుబడుతున్నారు. మాన్పిస్తే చదువూ బాగుపడుతుంది, ఈ గొడవా తీరిపోతుందని నాకూ అనిపిస్తోంది. మీ సలహా కావాలి.
– ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, మాన్పించవద్దు. గొడవ తీరుతుందన్న ఆశతోనైతే అసలే మాన్పించవద్దు. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం, ఇరవై ఏళ్ళ కిందట నేను కూడా మా అమ్మాయి చేత పదో తరగతిలో ఇదే ఖోఖో మాన్పించడమే. జూన్‌లో బడి తెరిచిన రోజునే తన ఆటబట్టలు పెట్టెలో పెట్టి అటక ఎక్కించాను. తను ఎదురు చెప్పలేదు, ఏడవలేదు. సాయంత్రం అయిదు గంటలకు బడి మైదానంలో విజిల్ వినిపించినప్పుడు పుస్తకం మీద నుంచి తలైనా ఎత్తేది కాదు గానీ, ఆ తరువాత గంటసేపు ఆ పుస్తకంలో పేజీ మాత్రం తిరిగేది కాదు. మార్కులు తొమ్మిదో తరగతిలో ఎన్ని వచ్చాయో పదిలోనూ ఇంచుమించు అన్నే వచ్చాయి. పోయినదల్లా రోజూ తనతో కలిసి దుమ్ములో పరిగెత్తిన పిల్లల సాంగత్యం. అది ఎంత విలువైనదో నాకు అప్పుడు తెలియలేదు.

ఖోఖోలో ఏముందని అడుగుతున్న మీ అత్తగారికి చెప్పడానికి ఒక మాట ఉంది. 2025 జనవరిలో ఢిల్లీలో ఖోఖోకు మొట్టమొదటి ప్రపంచ కప్ పోటీలు జరిగాయి. ప్రియాంక ఇంగ్లే నాయకత్వంలో మన అమ్మాయిలు ఫైనల్లో నేపాల్‌ను 78–40 తేడాతో ఓడించి కప్పు గెలిచారు, అబ్బాయిల జట్టు కూడా గెలిచింది. అయితే ఆ కప్పును చూపించి ఆట కొనసాగించమని మీకు నేను చెప్పను. జిల్లా జట్లలో ఆడే పిల్లల్లో అంత దూరం చేరగలిగేది ఏ ఒకరిద్దరో. మిగిలిన పిల్లలకు ఈ ఆట ఏమిస్తుందన్నదే మనలాంటి తల్లులు ఆలోచించుకోవలసిన విషయం.

మీరు ఈసారి సాధన జరుగుతున్నప్పుడు గట్టు మీద కూర్చుని కాసేపు చూడండి. ఎనిమిది మంది మధ్యగీత మీద వరుసగా, ఒకరి ముఖం ఇటు ఉంటే పక్కవారి ముఖం అటు ఉండేలా కూర్చుంటారు. తమ వెనక ఏం జరుగుతోందో వాళ్ళకు కనిపించదు. తరుముతున్న పిల్ల వచ్చి వీపు మీద చేయి వేసి ‘ఖో’ అనేదాకా లేవకూడదు, ముందే కదిలితే ఫౌల్. చేయి పడిన తరువాత మాత్రం ఎవరు, ఎందుకు అని చూసుకునే వ్యవధి ఉండదు, లేచి పరిగెత్తవలసిందే. తరిమే పిల్ల మధ్యగీతను దాటకూడదు, ఒక దిక్కుకు బయలుదేరాక వెనక్కి మళ్ళకూడదు. అందువల్ల ఎంత చురుకైన పిల్ల అయినా తన చోటును ఇంకొకరికి అప్పగించకుండా ఆట సాగదు. నాలుగేళ్ళు ఇలా ఆడిన పిల్లలు, వీపు మీద పడిన చేయి ఎవరిదో తిరిగి చూడకుండానే చెప్పగలుగుతారు. మీ అమ్మాయికి ఆ వీధి పిల్ల చేయి అలాగే తెలిసి ఉంటుంది, అందుకే ఆ పిల్ల రాకపోవడం ఇంట్లో అందరికంటే తనకే ఎక్కువ వెలితిగా ఉండి ఉంటుంది. తను ఆ మాట మీతో అనకపోవచ్చు.

మా పిల్లల జట్టులోనూ ఇలాంటి ఎంపిక ఒకటి జరిగింది. అప్పుడు మా అమ్మాయి తొమ్మిదో తరగతి. తను ఎంపికైంది, తన ప్రాణస్నేహితురాలు కాలేదు. ఆ స్నేహితురాలి తల్లి బట్టలు కుట్టేది. ప్రతి పోటీకీ ముందు పిల్లలందరినీ వరుసగా కూర్చోబెట్టి, పరుగులో జారిపోకుండా రెండేసి జడలు బిగించి అల్లి, మడిచి రిబ్బన్లు కట్టేది ఆవిడే. జట్టు బయలుదేరే రోజు తెల్లవారుజామున అయిదింటికి మేము బస్టాండుకు వెళ్ళేసరికి ఆవిడ కూతుర్ని వెంటబెట్టుకుని, చేతిలో దువ్వెనతో, కొబ్బరినూనె సీసాతో నిలబడి ఉంది. ఎవరితోనూ ఏమీ మాట్లాడలేదు. ఒక్కొక్కరికీ జడలు వేసింది. జట్టులో చోటు దక్కని ఆ పిల్ల పక్కనే నిలబడి తల్లికి ఒక్కొక్క రిబ్బనూ అందించింది. మా అమ్మాయి వంతు వచ్చినప్పుడు మాత్రం రిబ్బను తల్లి చేతిలోంచి తీసుకుని తనే కట్టింది.

ఎంపిక జాబితా వచ్చిన నాటి నుంచి ఆ ఉదయం దాకా వారం రోజులు గడిచాయి. ఆ వారంలో నేను ఒక్కసారైనా వాళ్ళింటికి వెళ్ళలేదు. ఏం మాట్లాడాలో తెలియక వెళ్ళలేదని అప్పట్లో సర్దిచెప్పుకున్నాను. ఎంపికైన పిల్ల తల్లిని కాబట్టి ముందు కదలవలసింది నేను, కదిలింది ఆవిడ. ఆ మరుసటి ఏడు నేను ఆట మాన్పించినప్పుడు కూడా ఆ పిల్లే ప్రతి ఆదివారం వచ్చి మా అరుగు మీద కూర్చునేది. ఈ రోజుకీ వాళ్ళిద్దరి స్నేహం నిలిచి ఉందంటే అది ఆ తల్లీకూతుళ్ళ మంచితనమే. జట్టులో ఒక అమ్మాయి ఇప్పుడు పోలీసు శాఖలో ఉంది, ఒకరు అమెరికాలో స్థిరపడ్డారు, ఇద్దరు ఊళ్ళోనే ఉన్నారు. మొన్న సంక్రాంతికి కలిసినవాళ్ళంతా తమ పిల్లల కోసం బడి మైదానంలో ముగ్గుపిండితో గీతలు గీశారు. నన్ను అందరూ పెద్దమ్మా అని పిలుస్తారు. ఆ పిలుపు వినే అర్హత నాకు పూర్తిగా ఉందని నేను అనుకోను.

చదువు సంగతికి వస్తే, వ్యాయామ ఉపాధ్యాయుడితో మాట్లాడి సాధన రోజుకు ఒక పూటకే పరిమితం చేయించండి. పరీక్షలకు రెండు నెలల ముందు పూర్తిగా విరామం ఇప్పించండి. ఈ ఒప్పందాన్ని మీవారి సమక్షంలోనే చేసుకుంటే ఇంట్లో మాట నిలుస్తుంది.

ఇక ఆ వీధి పిల్ల తల్లి సంగతి. రేపే వెళ్ళండి. వెళ్ళి ఎంపిక మాట ఎత్తవద్దు, ‘వచ్చే ఏడాది తప్పకుండా వస్తుందిలే’ అని ఊరడించవద్దు. పదో తరగతి పిల్లలకు వచ్చే ఏడాది అదే బడి, అదే జట్టు ఉండవని ఆవిడకూ తెలుసు. ఊరడింపు మాటలో మనకు తెలియకుండానే గెలిచినవాళ్ళ గొంతు వినిపిస్తుంది. ఆవిడకు బాగా చేతనైన పని ఏదైనా ఉంటే ఆ సాయం అడగండి. మీ అమ్మాయి శిబిరానికి బయలుదేరే రోజు దారిలోకి పులిహోర కలిపిపెట్టమనండి, లేదా స్టేషన్ దాకా తోడు రమ్మనండి. ఇంతకాలం అక్కా అని పిలిచిన మనిషి కాబట్టి మొదట కాస్త ముభావంగా ఉన్నా కాదనదు. వాళ్ళ అమ్మాయిని కూడా తీసుకురమ్మని మీరు చెప్పవద్దు, ఆ కబురు మీ అమ్మాయి చేతే పంపండి.