ఫిల్టర్లు పెట్టే ముందు: రాయగడలో ఉన్న మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి మావయ్య ఆశీస్సులు.

రాయగడలో జీఎస్టీ పనులు చూసే ఆఫీసు తెరిచి ఇంకా ఏడాది కాలేదు, అప్పుడే మెయిల్ పెట్టె తెరవాలంటే భయమేస్తోందన్నావు. పొద్దున్నే లాగిన్ అయ్యేసరికి కొత్తవి గుట్టలుగా పడి ఉంటాయి, అందులో ఏది అర్జెంటో తెలియక టెన్షన్. వచ్చిన మెయిళ్లని వాటంతట అవే వేరుచేసే ఫిల్టర్లు పెట్టేసుకుంటే పోతుందని ఎవరో చెప్పారన్నావు. పోతుంది. కానీ తొందరపడి పెడితే టెన్షన్‌తో పాటు అవసరమైన మెయిల్ కూడా కంటికి కనిపించకుండా పోతుంది. ఇక్కడ పర్లాకిమిడిలో ఇన్నాళ్లుగా ఇదే పని చేస్తున్నవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

మన ఆఫీసుల సంగతి వేరమ్మా. జీఎస్టీ రిజిస్ట్రేషన్ చేయించుకునేటప్పుడు చాలామంది పార్టీలు, అంటే మన దగ్గర పని చేయించుకునే వ్యాపారులు, తమ మెయిల్ ఇవ్వరు, మనదే పెట్టమంటారు. అంటే జీఎస్టీ పోర్టల్ నుంచి వాళ్లకి వెళ్లాల్సిన ప్రతి నోటీసూ నీ పెట్టెలోకే వస్తుంది. రిటర్న్ వేయకపోతే వచ్చే 3ఏ నోటీసుకి పదిహేను రోజులే గడువు. రిజిస్ట్రేషన్ ఎందుకు రద్దు చేయకూడదో చెప్పమనే రెగ్-17 నోటీసుకి ఏడు పని దినాలే. ఆ మెయిల్ నువ్వు చూడకపోతే ఆ దుకాణదారుకి తన జీఎస్టీ నంబర్ ప్రమాదంలో ఉందన్న సంగతే తెలియదు. ఇది గుర్తుపెట్టుకుని ఏ ఫిల్టరైనా రాయి. ఎవరు పంపారన్నది తర్వాత. ముందు అడగాల్సింది ఒకటే: ఇది వచ్చిన రోజున నేను చూడకపోతే ఎవరికైనా నష్టం జరుగుతుందా? జరుగుతుందంటే దాన్ని ఇన్‌బాక్స్ నుంచి తప్పించే ఫిల్టర్ రాయకు. రంగు లేబుల్ వెయ్యి, స్టార్ పెట్టు, ఎన్ని గుర్తులు కావాలంటే అన్ని పెట్టు. కళ్లముందు నుంచి మాత్రం కదిలించకు.

అందుకని మొదటి ఫిల్టర్ పోర్టల్ మెయిళ్లకే. పంపినవారి గడిలో జీఎస్టీ డాట్ గవ్ డాట్ ఇన్ అన్న డొమైన్ ఒక్కటే రాస్తే సరిపోతుంది. కింద వచ్చే ఎంపికల్లో లేబుల్ వేయమని, ఎప్పుడూ స్పామ్‌కి పంపవద్దని, ముఖ్యమైనదిగా గుర్తించమని టిక్ పెట్టు. మెయిల్‌ని ఇన్‌బాక్స్‌లోకి రానివ్వని స్కిప్ ఇన్‌బాక్స్ అన్న గడిని మాత్రం ముట్టుకోకు. ఓటీపీలు, రిటర్న్ వేశాక వచ్చే ఏఆర్‌ఎన్‌లు (రసీదు నంబర్లు), నోటీసులు అన్నీ ఆ ఒక్క పోర్టల్ నుంచే వస్తాయి. ఓటీపీల గోల భరించలేక మొత్తం డొమైన్‌నే పక్కకి తోసేస్తే నోటీసులు కూడా వాటితో పోతాయి. ఇంకో మాట. స్పామ్‌కి పంపవద్దన్నావు కాబట్టి ఆ పేరుతో దొంగ మెయిల్ వచ్చినా లోపలికి వచ్చేసే వీలుంది. లేబుల్ పడింది కదా అని అందులోని లింకు నొక్కకు. బ్రౌజర్లో పోర్టల్ నువ్వే తెరిచి, అక్కడ నోటీసు ఉందో లేదో చూడు.

తర్వాత పార్టీల బిల్లులు. అసలు కష్టం ఇక్కడే. మనవాళ్లలో ఒకరు తెలుగులో రాస్తారు, ఒకరు ఒడియాలో రాస్తారు, ఎక్కువమంది సబ్జెక్ట్ గడి ఖాళీగా వదిలేసి ఫొటోలు పెట్టి పంపేస్తారు. కాబట్టి సబ్జెక్ట్‌ని నమ్ముకుని ఫిల్టర్ రాస్తే సగం మెయిళ్లు తప్పిపోతాయి. ఊరి పేర్లూ అంతే. ఒకరు పర్లాకిమిడి అని రాస్తే ఇంకొకరు పరలాఖెముండి అంటారు. బరంపురాన్ని ఒకరు బెర్హంపూర్ అంటారు, ఒకరు బ్రహ్మపూర్ అంటారు. ఊరి పేరుతో వెతకాల్సి వస్తే అన్ని స్పెల్లింగులూ వేసి మధ్యలో ఓఆర్ అన్న మాట ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో పెట్టు. చిన్న అక్షరాల్లో పెడితే జీమెయిల్ దాన్ని మామూలు మాట కింద తీసుకుంటుంది.

జీఎస్టీ నంబర్‌తో ఫిల్టర్ రాయాలన్న ఆలోచన నీకూ వచ్చే ఉంటుంది. మంచిదే, ఒక సంగతి తెలుసుకుని రాయి. నంబర్ మొదటి రెండంకెలు రాష్ట్రం కోడ్, ఒడిశాకి 21, ఆంధ్రకి 37. ఆ 37 ఒక్కటే గడిలో వేస్తే ఆంధ్ర పార్టీలన్నీ పడతాయనుకుంటారు. పడవు. జీమెయిల్ మాటలో ముక్కని పట్టుకోదు, మాట మొత్తం కావాలి. పదిహేను అక్షరాల నంబర్ పూర్తిగా వేస్తేనే దొరుకుతుంది. కాబట్టి ఒక్కో పార్టీకి ఒక్కో ఫిల్టర్: ఆ నంబర్ గానీ, ఆ పార్టీ మెయిల్ అడ్రస్ గానీ ఉంటే ఫలానా లేబుల్.

అయితే బిల్లు ఒకరోజు దుకాణం మెయిల్ నుంచి వస్తుంది, ఇంకోరోజు అబ్బాయి ఫోన్ నుంచి వస్తుంది, మరోసారి గుమస్తా పంపుతాడు. ఇలాంటివాళ్ల కోసం నేను చేసేది చెబుతాను. జీమెయిల్లో నీ పేరు తర్వాత ప్లస్ గుర్తు పెట్టి ఏ మాట చేర్చినా ఆ మెయిల్ నీకే వస్తుంది, కొత్త అకౌంట్ తెరవక్కర్లేదు. కాబట్టి సరిహద్దు అవతల ఆంధ్రలో ఉన్న పాతపట్నం, మెళియాపుట్టి వైపు పార్టీలకి ప్లస్ ఏపీ అన్న అడ్రస్ ఇవ్వు. ఒడిశా వైపు గుణుపురం, కాశీనగర్ వాళ్లకి ప్లస్ ఒడి అని ఇవ్వు. ఇక ఫిల్టర్ పంపినవారి గడిలో కాదు, ఎవరికి వచ్చిందన్న గడిలో రాయి. ఎవరి ఫోన్ నుంచి పంపినా సరైన లేబుల్ కిందకే చేరుతుంది. విజిటింగ్ కార్డు మీద అలాగే అచ్చు వేయించు. కొన్ని వెబ్‌సైట్లు ఫారంలో ప్లస్ గుర్తుని ఒప్పుకోవు, అక్కడ మామూలు అడ్రసే ఇవ్వాలి.

రాష్ట్రం వారీగా విడదీయడం ఊరికే కాదు. పన్ను లెక్క చూపించి కట్టే 3బి రిటర్న్ నెలనెలా వేసేవాళ్లకి రెండు వైపులా 20వ తేదీయే. మూడు నెలలకోసారి వేసే చిన్న వ్యాపారులకి మాత్రం ఆంధ్రలో 22, ఒడిశాలో 24. సరిహద్దు ఇవతల దుకాణానికి ఇంకా రెండు రోజులుండగానే అవతల దుకాణానికి గడువు దాటిపోతుంది. ఆ తర్వాత పన్ను కట్టాల్సిన రిటర్న్‌కి రోజుకి యాభై రూపాయల చొప్పున లేట్ ఫీజు, పన్ను మీద వడ్డీ వేరే. మన ఊళ్లలో ఒకే కుటుంబం అటూ ఇటూ రెండు కొట్లు పెట్టుకోవడం మామూలే కదా, ఆ రెండింటి బిల్లులూ ఒకే మెయిల్లో కలిపి పంపుతారు. జీమెయిల్లో ఒక మెయిల్‌కి రెండు లేబుళ్లు పడొచ్చు, అదొక సుఖం. ఔట్‌లుక్‌లో రూల్‌తో ఫోల్డర్‌లోకి కదిలిస్తే అది ఆ ఒక్కచోటే ఉంటుంది. పైగా అక్కడ రూల్స్ పై నుంచి కిందకి వరుసగా నడుస్తాయి. తర్వాతి రూల్స్ ఆపేయమన్న ఎంపిక పైన ఉన్నదానికి పెట్టావంటే కిందివి ఆ మెయిల్ జోలికి రావు. నీకు ఔట్‌లుక్ వాడే అలవాటు కూడా ఉంది కాబట్టి చెబుతున్నాను.

బ్యాంకు మెయిళ్ల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. డబ్బు పడింది, డబ్బు తీశారు అని రోజంతా వస్తూనే ఉంటాయి. వీటిని ఇన్‌బాక్స్ తప్పించి లేబుల్ కిందకి పంపడం సబబే. కానీ చెక్కు తిరిగొచ్చిందన్న కబురూ ఆ అడ్రస్ నుంచే రావచ్చు. చెక్కు బౌన్సయిందని బ్యాంకు నుంచి తెలిసిన 30 రోజుల్లోగా అవతలివాడికి నోటీసు ఇవ్వాలి, చెక్కు బౌన్సుల మీద ఉన్న 138 సెక్షన్ కింద కేసు నిలబడాలంటే అదే మొదటి మెట్టు. ఫిల్టర్లో 'ఈ మాటలు ఉండకూడదు' అన్న గడి ఒకటి ఉంటుంది, చాలామంది దాన్ని చూడరు కూడా. రిటర్న్‌డ్, డిసానర్డ్, ఇన్‌సఫిషియెంట్, ఫెయిల్డ్ వంటి మాటలు ఇంగ్లీషులో అందులో వెయ్యి, వాటి మధ్య కూడా ఓఆర్ పెట్టు. అప్పుడు మామూలు కబుర్లు పక్కకి పోయి, చేదు కబురు ఇన్‌బాక్స్‌లో ఉంటుంది. మిల్లులో జల్లెడ కన్నం పెద్దదైతే నూకతో పాటు మంచి బియ్యమూ రాలిపోతుంది, ఆ గడి కన్నాన్ని సరిచేస్తుంది.

ప్రకటనలకి ఫిల్టర్ దండగ. అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కు, అయిపోతుంది.

డిలీట్ చేయమనే ఫిల్టర్ మాత్రం ఎప్పుడూ రాయొద్దు. చెత్తబుట్టలో పడినది 30 రోజుల తర్వాత తనంతట తానే పోతుంది, మళ్లీ రాదు. లెక్కల కాగితాలు వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలని చట్టమే చెబుతోంది. పనికిరాదని ఈరోజు అనుకున్న బిల్లుని ఎప్పుడో ఆడిట్‌లో అడుగుతారు. చోటు చాలకపోతే పెద్ద అటాచ్‌మెంట్లున్న మెయిళ్లని వెతికి, కంప్యూటర్లోకి దింపుకుని, ఒకసారి తెరిచి చూసుకుని, అప్పుడు నీ చేత్తో తీసెయ్యి. ఉచితంగా ఇచ్చే 15 జీబీలో ఫొటోలు, డ్రైవ్ కూడా కలిసే ఉంటాయి, ముందు అక్కడ చూడు.

ఇక పెట్టే పద్ధతి. ఫోన్ యాప్‌లో ఫిల్టర్ తయారుచేయడం కుదరదు, కంప్యూటర్లో కూర్చో. సెర్చ్ గడి చివర ఉన్న గుర్తు నొక్కితే గడులన్నీ తెరుచుకుంటాయి. నింపగానే ఫిల్టర్ తయారుచేయకు. ముందు వెతుకు అను. ఇదివరకు వచ్చినవాటిలో ఏవి పడుతున్నాయో వస్తాయి, కిందికంటా చూడు. పడకూడనిది ఒక్కటి కనిపించినా మాటలు మార్చు. సరిగ్గా ఉందనిపించాకే ఫిల్టర్ చెయ్యి, పాత మెయిళ్లకి కూడా వర్తింపజేయమన్న టిక్ పెట్టు. కొత్తగా పెట్టిన ఫిల్టర్‌కి కొన్నాళ్లు లేబుల్ మాత్రమే ఇచ్చి ఇన్‌బాక్స్‌లోనే ఉండనియ్యి. నమ్మకం కుదిరాక పక్కకి పంపు. ఒక మెయిల్‌కి ఫిల్టర్ పట్టిందని దానికి వచ్చే జవాబుకీ పడుతుందనుకోకు, జవాబులోనూ ఆ మాటలు ఉంటేనే పడుతుంది.

పక్కకి పంపిన లేబుళ్లని చూడటానికి రోజులో ఒక వేళ పెట్టుకో. నేను మధ్యాహ్నం భోజనం తర్వాత చూస్తాను. చూసే వేళ లేని లేబుల్‌కి ఇన్‌బాక్స్ తప్పించే హక్కు ఇవ్వకు.

నీ దగ్గర పనిచేసే కుర్రాడికి పాస్‌వర్డ్ చెప్పేశానన్నావు, అది నాకు నచ్చలేదు. జీమెయిల్ సెట్టింగుల్లో నీ అకౌంట్‌ని వేరొకరు చూసేలా అనుమతి ఇచ్చే ఏర్పాటు ఉంది. వాడు తన సొంత లాగిన్‌తోనే నీ మెయిళ్లు చూస్తాడు, మానేసిన రోజున తీసేయొచ్చు. అది పెట్టి పాస్‌వర్డ్ మార్చు. అలాగే ఫిల్టర్ల జాబితా, ఫార్వర్డింగ్ పేజీ నెలకోసారి తెరిచి చదువు. అకౌంట్‌లోకి దొంగచాటుగా దూరినవాళ్లు చేసే పనుల్లో ఇదొకటి: మెయిళ్లు వాళ్లకి వెళ్లేలా ఒక ఫిల్టర్ రాసి ఊరుకుంటారు. పాస్‌వర్డ్ మార్చినా ఆ ఫిల్టర్ పని చేస్తూనే ఉంటుంది. నువ్వు రాయనిది ఒక్కటి కనిపించినా వెంటనే తీసేసి నాకు ఫోన్ చెయ్యి.

ఈ వారంలో పోర్టల్ ఫిల్టర్, బ్యాంకు ఫిల్టర్ ఈ రెండే పెట్టు. పార్టీలవి 24వ తేదీ దాటాక, పని తగ్గినప్పుడు నింపాదిగా చేసుకో. అన్నీ అయ్యాక ఫిల్టర్ల పేజీలో ఎక్స్‌పోర్ట్ అని ఉంటుంది, ఫిల్టర్లన్నిటికీ టిక్ పెట్టి అది నొక్కితే అన్నీ ఒక ఫైలుగా దిగుతాయి. అది నాకు పంపు, ఆదివారం కూర్చుని ఒక్కొక్కటీ చూసి, మార్చాల్సినవి ఫోన్లో చెబుతాను. అమ్మని అడిగానని చెప్పు.

మీ మావయ్య
పర్లాకిమిడి